సర్జరీ తేదీ కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి

బిడ్డకు ఆశీస్సులు.

లింగమార్పిడి సర్జరీ కోసం డబ్బు కూడబెడుతున్నావని, వచ్చే వేసవికల్లా చేయించుకుంటానంటున్నావని కాజీపేటలో మీ గురువు చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా కాలంలో నిర్వాణమంటే, అదే పురుషాంగం తీయించుకునే మన ఆచారమంటే, కోత కోసే దాయమ్మ కత్తి, నలభై రోజులు గడప దాటని గది. మీకు ఆసుపత్రి ఉంది, మత్తుమందు ఉంది, యోనిని నిర్మించే విధానం ఉంది. అయితే మాకు లేని చిక్కొకటి ఇందులో ఉంది. ఇప్పుడు బయట ఉన్న చర్మమే రేపు లోపలి పొర అవుతుంది కనుక, దాని మీది వెంట్రుకలు కుదుళ్లతో సహా పోకపోతే లోపల కూడా పెరుగుతూనే ఉంటాయి. హార్మోన్ మాత్రలతో అవి పోవు.

నాతో ఒకే ఇంట్లో బతికిన గురుభాయి, అంటే నా గురువుకే మరో శిష్యురాలు ఒకరు, ఆపరేషన్ సమయంలోనే కుదుళ్లు కాల్చేస్తారన్న మాట నమ్మి తేదీ తీసుకుంది. అలా కాల్చే సర్జన్లు ఉన్నారు, కాని ఆ పూట నిద్రాణంగా ఉన్న కుదుళ్లు తప్పించుకుంటాయి. తరువాత ఆమెకు దుర్వాసనతో స్రావం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్, లోపలి దారి ముడుచుకుపోకుండా పెట్టుకునే డైలేటర్ గొట్టం పెట్టుకున్నప్పుడల్లా నొప్పి. డాక్టరమ్మ పట్టకారుతో తీసి ట్రేలో వేసిన వెంట్రుకల ముద్ద తెల్లటి మడ్డి పట్టి, విడదీయరాకుండా చిక్కుపడి ఉంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది గాని నా చెయ్యి మాత్రం వదలలేదు. లోపలికి చేరిన వెంట్రుకలను తొలగించడం బయట ఉన్నప్పుడు తొలగించినంత సులువు కాదని ఆ డాక్టరమ్మే చెప్పింది.

కాబట్టి వేసవి మాట మరిచిపో. ముందు నీ సర్జన్‌ను కలిసి, ఏ విధానంలో చేస్తారో, ఎంతమేర చర్మం వాడతారో అడిగి, వెంట్రుకలు తీయించాల్సిన మేరకు గీత గీయించుకో, ఎందుకంటే చర్మానికి బదులు పేగు ముక్కతో చేసే విధానంలో ఆ లెక్క వేరు. సిగ్గుపడకు; ఈ వైద్యానికి ప్రభుత్వమే ఏర్పాట్లు చేయాలని ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల 2019 చట్టం చెబుతోంది, అడగడం నీ హక్కు. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు, పెరుగుతున్నవాటి కుదుళ్లే చస్తాయి, అందుకే వెంట్రుకలు తీయించడానికి నెల, నెలన్నర ఎడంతో చాలా లేజర్ సిట్టింగులు పడతాయి. ఏడాది ముందే మొదలుపెట్టాలి. మన చామనఛాయ చర్మం తప్పుడు లేజర్‌కు కాలి మచ్చపడుతుంది, కనుక మన రంగు చర్మానికి నప్పే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ యంత్రం ఉందా అని అడుగు. తెల్లవెంట్రుకలను లేజర్ పట్టుకోలేదు, వాటికి సన్నని సూదితో కరెంటు పెట్టి ఒక్కొక్క కుదురూ చంపే ఎలక్ట్రాలిసిస్సే. సిట్టింగుల మధ్య షేవింగ్ తప్ప వ్యాక్సింగ్, పీకడం వద్దు, వేరు లేకపోతే లేజర్‌కు పని ఉండదు. మొద్దుబార్చే క్రీమ్ డాక్టర్ చెప్పినంతే రాసుకో.

సిట్టింగ్ అయిన వారంలోనే మేడారం వెళ్లి జంపన్నవాగులో మునుగుతానంటే మాత్రం నేను ఊరుకోను. చర్మం మానకముందే అంత జనం మునిగిన నీళ్లలో దిగకు, తల్లులు మన మీద కోపగించరు.

చివరి సిట్టింగ్ తర్వాత కొన్ని నెలలు ఆగి, కొత్తవి మొలవడం లేదని సర్జన్ చూసి చెప్పాకే అడ్వాన్సు కట్టు. డబ్బు తక్కువైతే నన్నడుగు, తొందరలో అప్పు చేయకు.