రేట్లు తగ్గాయి సరే, అమ్మినవాడి బాకీ కొన్నవాడు కట్టడం ఎప్పుడు ఆగుతుంది?

"జీఎస్టీ రేట్లు తగ్గించారు కదా, చిన్న వ్యాపారులకు ఇప్పుడు పని సులువైందా?" అని నన్ను ఒకరు అడిగారు.

రేట్లు తగ్గిన మాట నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు 28 శాతం నుంచి 18కి దిగింది, ఇంకా చాలా వస్తువులు దిగాయి. కొనేవాళ్లకు మంచిదే. కానీ రేటు ఎంత ఉన్నా వ్యాపారి దాన్ని కస్టమర్ దగ్గర తీసుకుని కట్టేదే. నందిగామ చుట్టుపక్కల వ్యాట్ రోజుల నుంచి షాపుల లెక్కలు చూస్తున్నాను. నేను సీఏని కాదు, టాక్స్ ప్రాక్టీషనర్‌ని, అయినా మా వైపు అందరూ ఆడిటర్ గారనే పిలుస్తారు. ఇన్నేళ్లలో రేటు ఎక్కువైందని ఏ వ్యాపారీ నాకు రాత్రిపూట ఫోన్ చేయలేదు. చేస్తే నోటీసు గురించే.

2024 సెప్టెంబర్ చివరి వారం. బుడమేరు వరద వెళ్లి నెల కూడా కాలేదు. ఇళ్లు బాగు చేయించుకునేవాళ్లతో హార్డ్‌వేర్ షాపులకు మంచి గిరాకీ ఉంది. నేను బాబాయ్ గారూ అని పిలిచే ఒక పెద్దాయన పైపులు, ట్యాపులు అమ్ముతారు. ఒక కంపెనీకి ఆయన ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన చెక్కు తిరిగి రావడం అదే మొదటిసారి. "ఆడిటర్ గారూ, బ్యాంకులో డబ్బు లేదంటున్నారు. నిన్ననే కదా వేశాను" అన్నారు. గొంతు వణుకుతోంది. ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. మేనేజర్ ఒక కాగితం చూపించారు. డీఆర్‌సీ-13. పన్నుల శాఖ నేరుగా బ్యాంకుకు రాసి, ఖాతాలోంచి రెండు లక్షల డెబ్బై వేలు తీసేసుకుంది.

ఎందుకో తెలుసా? 2018 చివర్లో ఆయన ఒక హోల్‌సేలర్ దగ్గర ఏడు లక్షల పీవీసీ పైపులు కొన్నారు. దాని మీద పన్ను లక్షా ఇరవై ఆరు వేలు. సరుకు వచ్చింది, లారీ రసీదు ఉంది, ఈ-వే బిల్లు ఉంది, పన్నుతో సహా మొత్తం చెక్కుతోనే కట్టారు. ఆ హోల్‌సేలర్ ఆ పన్ను ప్రభుత్వానికి కట్టలేదు. తర్వాత అతని రిజిస్ట్రేషన్‌ను పాత తేదీ నుంచి వర్తించేలా రద్దు చేశారు. కాబట్టి బాబాయ్ గారు వాడుకున్న ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం, చెల్లదన్నారు. పన్ను మళ్లీ కట్టాలి, ఐదున్నరేళ్లకు 18 శాతం చొప్పున వడ్డీ లక్షా ఇరవై నాలుగు వేలు, పెనాల్టీ ఇరవై వేలు. ఒకే సరుకుకు ఒకే మనిషి రెండుసార్లు పన్ను కట్టాడు, పైగా దాదాపు అంతే వడ్డీ.

నోటీసు రాలేదా అని మీరు అడుగుతారు. వచ్చింది. 2023 డిసెంబర్‌లో జీఎస్టీ పోర్టల్‌లో పెట్టారు. కానీ నోటీసులు ఒక చోట, "అదనపు నోటీసులు" ఇంకో చోట ఉండేవి. నేను మొదటిది చూశాను, రెండోది తెరవలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మెయిల్ వాళ్లబ్బాయి ఎప్పుడో వాడి వదిలేసిన ఐడీకి వెళ్లింది. ఎస్ఎంఎస్ బాబాయ్ గారి ఫోన్‌కే వచ్చింది, ఓటీపీల మధ్య, ఇంగ్లీషులో. ఆయన తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఆ నోటీసు తెలుగులో ఒక పోస్టు కార్డు మీద వచ్చినా అదే రోజు నా ఆఫీసుకు పట్టుకొచ్చేవారు. మన రాష్ట్రంలో, మన భాష మాట్లాడే అధికారి, మన ఊరి వ్యాపారికి ఇంగ్లీషులో ఎందుకు రాయాలి? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ నాకు సమాధానం చెప్పలేదు.

ఆర్డర్ 2024 ఏప్రిల్ చివర్లో వేశారు. అప్పీలుకు మూడు నెలలు, ఆలస్యానికి కారణం చూపిస్తే ఇంకో నెల. ఆ తర్వాత ఒక్క రోజు దాటినా అప్పీలు తీసుకోరు. మాకు తెలిసేసరికి ఆ గడువు పోయింది. ఇక మిగిలింది అమరావతిలో హైకోర్టు. లాయరు ఫీజు కనుక్కున్నాక బాబాయ్ గారు "వద్దు లెండి, పిల్ల పెళ్లి ఉంది" అన్నారు.

నాకు అసలు మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. 2017-18, 2018-19, 2019-20 సంవత్సరాల ఇలాంటి డిమాండ్లకు, 2025 మార్చి 31లోగా అసలు పన్ను కడితే వడ్డీ, పెనాల్టీ మాఫీ చేస్తామన్నారు. జీఎస్టీ కౌన్సిల్ ఈ సిఫారసు 2024 జూన్ 22న చేసింది. ఆగస్టులో చట్టం అయింది. అమలు మాత్రం నవంబర్ 1 నుంచి. మా బాబాయ్ గారి ఖాతాలోంచి డబ్బు తీసింది సెప్టెంబర్‌లో! మాఫీ వస్తుందని శాఖకు తెలుసు. ఇంకో ఐదు వారాలు ఆగి ఉంటే ఆయనకు లక్షా నలభై నాలుగు వేలు మిగిలేవి. తిరిగి ఇవ్వండని అడగడానికి కూడా లేదు, ఎందుకంటే అప్పటికే కట్టిన వడ్డీ, పెనాల్టీ వాపసు ఇవ్వబోమని ఆ సెక్షన్‌లోనే రాశారు. కట్టనివాళ్లకు మాఫీ వచ్చింది, ఎవరి దగ్గర బలవంతంగా లాక్కున్నారో వాళ్లకు రాలేదు.

దీనంతటికీ మూలం జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 16(2)(సీ). అమ్మినవాడు పన్ను కడితేనే కొన్నవాడికి ఇన్‌పుట్. అమ్మినవాడి పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, షాపు చిరునామా అన్నీ శాఖ దగ్గర ఉన్నాయి. అతనికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది కూడా శాఖే. నందిగామలో పైపులు అమ్ముకునే మనిషి దగ్గర ఏముంది? అతను ఇచ్చిన బిల్లు. అమ్మినవాడు చూపించిన మన బిల్లు పోర్టల్‌లో కనబడుతుందో లేదో చూసుకునే 2బీ పట్టిక కూడా 2020 ఆగస్టులోనే వచ్చింది, ఈ కొనుగోలు 2018 నాటిది. 2018 మే 4న ఇదే కౌన్సిల్, ముందు అమ్మినవాడి దగ్గరే వసూలు చేయాలని, అతను కనబడకుండా పోతేనో ఆస్తులు లేకపోతేనో తప్ప కొన్నవాడి జోలికి పోకూడదని చెప్పింది. ఈ హోల్‌సేలర్ కనబడకుండా పోలేదు. ఇంకో పేరుతో విజయవాడలోనే వ్యాపారం చేస్తున్నాడు. ఆ మాటను చట్టంలో రాయనంత కాలం అధికారులు దొరికినవాడి దగ్గరే వసూలు చేస్తారు. చిరునామా మార్చకుండా, నెలనెలా రిటర్ను వేసే నిజాయితీపరుడే ఎప్పుడూ దొరుకుతాడు.

వడ్డీ సంగతీ చూడండి. మనం బాకీ పడితే 18 శాతం. మనకు రావలసిన రీఫండు వాళ్లు అరవై రోజులు దాటించి ఇస్తే 6 శాతం. మనం రిటర్ను ఆలస్యం చేస్తే రోజుకు యాభై రూపాయలు, అమ్మకాలు లేని నెలకైనా ఇరవై. రిటర్నుకు చివరి రోజైన 20వ తారీఖు సాయంత్రం పోర్టల్ తిరుగుతూనే ఉంటే మాత్రం ఎవరికీ ఫైన్ లేదు. ఇంకొకటి, సరుకు అమ్మేవాళ్లకు జగ్గయ్యపేటలో 40 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్. అక్కడి నుంచి అరగంట దూరంలో, తెలంగాణలో ఉన్న కోదాడలో 20 లక్షలకే. దేశమంతా ఒకే పన్ను అన్నారు, మన రెండు రాష్ట్రాల మధ్యే ఆ పరిమితి మారిపోతోంది.

బాబాయ్ గారు ఇప్పుడు కొత్త సప్లయర్‌కు సరుకు డబ్బు మాత్రమే ఇస్తున్నారు. బిల్లు 2బీలో కనబడి, అతను పన్ను కట్టి 3బీ రిటర్ను వేసిన రసీదు చూపించాకే పన్ను మొత్తం ఇస్తారు. దానికి నెలన్నర పడుతుంది. కంచికచర్ల దగ్గర చిన్న పైపుల యూనిట్ పెట్టుకున్న కుర్రాడికి ఈ మధ్య బాబాయ్ గారి దగ్గర ఇలాగే తొంభై వేలు ఆగాయి. జీతాలకు సర్దలేకపోతున్నానని, కాస్త చెప్పి ఇప్పించమని నాకు ఫోన్ చేశాడు. అతనూ నా క్లయింటే. బాబాయ్ గారిని ఏమని అడగను? ఆపమని సలహా ఇచ్చింది నేనే.