సబ్బాతు, విశ్రాంతిదినం, ఆదివారం – మూడూ ఒకటేనా?

సందేహం: క్రైస్తవులు ఇప్పటికీ సబ్బాతు (బైబిల్ పది ఆజ్ఞల్లో చెప్పిన ఏడో రోజు విశ్రాంతి) పాటించాలా వద్దా అని మా బైబిల్ స్టడీలో పెద్ద వాదన జరిగింది. ఒకాయన ‘ఆది అంటేనే మొదటిది, ఆదివారమే మన సబ్బాతు’ అన్నారు. ఇంకొకాయన ‘విశ్రాంతిదినం అంటే సెలవు, ఏ రోజైతే ఏం?’ అన్నారు. అసలు ఈ మాటలకు అర్థమేమిటి? సబ్బాతును ‘పాటించడం’ అనాలా, ‘ఆచరించడం’ అనాలా?

సమాధానం: చివరి ప్రశ్న తేలిక, ముందు అది తేల్చేద్దాం. నియమాన్ని పాటిస్తాం, పండుగనో వ్రతాన్నో ఆచరిస్తాం. సబ్బాతు ఆజ్ఞా అవును, పవిత్రమైన రోజూ అవును. కాబట్టి రెండూ చెల్లుతాయి. తెలుగు బైబిల్ మాత్రం ‘విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఆచరించుటకు జ్ఞాపకముంచుకొనుము’ (నిర్గమ 20:8) అంటుంది.

ఇక ‘విశ్రాంతి’ సంగతి. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట, దీని ధాతువులోనే శ్రమ ఉంది. విశ్రాంతి అంటే అలసట తీర్చుకోవడం. హీబ్రూలో ‘షబ్బాత్’కు మూలమైన క్రియకు అసలు అర్థం అది కాదు, ఆపడం, మానడం. ఆదికాండం 2:2లో దేవుడు ఏడవ దినమున ‘విశ్రమించెను’ అని చదివి, దేవుడికి అలసటేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ‘ఆయన సొమ్మసిల్లడు అలయడు’ అని యెషయా 40వ అధ్యాయంలో ఉండనే ఉంది. చిక్కంతా అనువాదంలో ఎంచుకున్న మాటతో వచ్చింది. మూలంలో ఉన్న భావం ‘పని మానెను’ అని. తమాషా ఏమిటంటే, అదే క్రియ ఆదికాండం 8:22లో వచ్చినప్పుడు మన అనువాదకులు చక్కగా పట్టుకున్నారు. వెదకాలమూ కోతకాలమూ రాత్రింబగళ్లూ ‘ఉండక మానవు’ అన్నారు. ఆ ‘మాను’ అనే అచ్చతెలుగు మాటే సబ్బాతుకు దగ్గరి చుట్టం. కాబట్టి ‘సెలవు’ అన్నాయన సగమే చెప్పారు. సెలవు ఇంకొకరు ఇస్తారు, మానడం మనం చేయాలి.

‘ఆది’ దగ్గర మీ మొదటి మిత్రుడు తడబడ్డారు. ఆదివారంలోని ‘ఆది’ మొదటిది కాదు, ఆదిత్యుడు. ఆదిత్యవారం అరిగి ఆదివారమైంది. సోమ, మంగళ, బుధవారాల వరసలోనే ఇదీ ఒక గ్రహం పేరు. ఆ రోజు వారానికి మొదటిదే, ఆ మాట నిజం. కానీ పేరు చెప్పేది సూర్యుడి గురించి, వరస గురించి కాదు. హీబ్రూలో దీనికి నేరుగా ‘మొదటి రోజు’ అనే పేరు. అక్కడ ఆరు రోజులకూ అంకెలే, ఏడో రోజుకు మాత్రమే సొంత పేరుంది, అదే షబ్బాత్.

కొత్త నిబంధన గ్రీకులో ఈ రోజును అన్న తీరు మరీ విచిత్రం. మాటకు మాట పెడితే ‘సబ్బాతుల్లో ఒకటవది’ అని వస్తుంది. దీన్ని పట్టుకుని ఆదివారాన్ని కూడా సబ్బాతు అన్నారని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన నిలవదు. గ్రీకులో ఆ మాటకు ఏడో రోజు అనే అర్థంతో పాటు, ఏడు రోజుల వారం అనే అర్థం కూడా ఉంది. లూకా 18:12లో పరిసయ్యుడు (నిష్ఠగల యూదు మతశాఖవాడు) తాను ‘వారమునకు రెండు మారులు’ ఉపవాసం చేస్తానంటాడు, మూలంలో అక్కడున్నదీ సబ్బాతు మాటే. ఒక్క రోజులో రెండుసార్లు ఉపవాసం ఉండడం ఎవరి తరం? మనకిది కొత్తేమీ కాదు. ‘ఏ వారం పుట్టాడు?’ అన్నప్పుడు వారం ఒక రోజు, ‘వారం తర్వాత రా’ అన్నప్పుడు ఏడు రోజులు.

మత్తయి 28:1 చూస్తే ఇంకేమీ మిగలదు. ‘విశ్రాంతిదినము గడచిపోయిన తరువాత ఆదివారమున’ అని ఒకే వాక్యంలో రెండు రోజులూ పక్కపక్కన ఉన్నాయి. ఒకటి గడిస్తేనే రెండోది వచ్చింది. లోకంలోని భాషలూ ఇదే సాక్ష్యం చెబుతాయి. శనివారాన్ని స్పానిష్‌లో సాబదో, రష్యన్‌లో సుబ్బోత, అరబిక్‌లో సబ్త్ అంటారు. అన్నీ సబ్బాతు పిల్లలే. మన వారాలకు గ్రహాల పేర్లు కాబట్టి ఆ ఆనవాలు తెలుగులో కనబడదు. ఒక్క మెలిక ఉంది. సబ్బాతు శుక్రవారం పొద్దుగూకగానే మొదలై శనివారం పొద్దుగూకేసరికి ముగుస్తుంది. అందుకే ‘సబ్బాతు అంటే శనివారం’ అనడమూ కొంచెం ఉజ్జాయింపే.

మరి పాటించాలా? మాట ఏ రోజును సూచిస్తుందో నేను చెప్పగలను. ఆ ఆజ్ఞ ఈనాటి విశ్వాసికి వర్తిస్తుందా అన్నది వ్యాకరణంతో తేలదు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు, సెవెంత్ డే బాప్టిస్టులు ఏడో రోజునే ఆచరిస్తారు. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం శని, ఆదివారాలు రెండింటినీ గౌరవిస్తుంది. కొలొస్సయులకు 2:16లో పౌలు ‘విశ్రాంతి దినము’ విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చే అవకాశం ఇవ్వొద్దన్నాడు కాబట్టి ఆ కట్టడి తీరిపోయిందని చాలామంది నమ్ముతారు. ఆజ్ఞ నిలిచే ఉంది, రోజు మాత్రమే మారిందనేవారు మూడో పక్షం. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ఆదివారాన్ని ‘క్రైస్తవ సబ్బాతు’ అన్నది ఈ లెక్కతోనే. క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారం సెలవు ప్రకటించినప్పుడు వాడిన పేరు సబ్బాతూ కాదు, ప్రభువు దినమూ కాదు, ‘సూర్యుని దినం’. పొలం పనులకు ఆ సెలవు వర్తించలేదు కూడా.

అంటే ‘ఆదివారమే మన సబ్బాతు’ అనడం భాష చెప్పే అర్థం కాదు, ఒక సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదైతే ‘క్రైస్తవ సబ్బాతు’ అని విశేషణం చేర్చి అనండి, ఎదుటివారికి మీ పక్షమేదో తెలుస్తుంది. కాకపోతే ఆదివారాన్ని ఆదివారమనే అనండి, లేదా ఆరాధన దినం అనండి. ‘ప్రభువు దినం’ అన్నా బాగుంటుంది కానీ, తెలుగులో అక్కడొక గుంట ఉంది. ప్రకటన 1:10లో యోహాను ఆత్మవశుడైనదీ ‘ప్రభువు దినమందే’, రాత్రివేళ దొంగలా వస్తుందని 1 థెస్సలొనీకయులకు 5:2 చెప్పేదీ ‘ప్రభువు దినమే’. మొదటిదాన్ని ఆదివారమనీ, రెండోదాన్ని తీర్పు దినమనీ అర్థం చేసుకోవడం పరిపాటి. గ్రీకులో ఈ రెండుచోట్లా వేర్వేరు పదరూపాలున్నాయి. తెలుగులో రెండూ ఒకే అచ్చులో పడ్డాయి. మీ బైబిల్ స్టడీలో ఈసారి వాదన దీని మీద రావచ్చు.