పాలకొల్లు వెళ్తున్న బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ,

అల్లుడికి బ్యాంకులో పాలకొల్లు బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అయిందని మీ అమ్మ చెప్పింది. ఆ తర్వాత నువ్వు ఫోన్ చేసినప్పుడు "మూడేళ్లే కదా పెద్దమ్మా, ఎలాగోలా గడిపేస్తాం" అన్నావు. ఆ ఒక్క మాటే నాకు నచ్చలేదు. ఫోన్లో చెబితే ఊ కొట్టి వదిలేస్తావని ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

పెళ్లయ్యాక హైదరాబాద్‌లో చిక్కడపల్లి వదిలి మీ పెదనాన్న ఉద్యోగం వెంట పెనుగొండ, ఆకివీడు, రాజోలు, నరసాపురం అన్నీ తిరిగినదాన్ని. ఇరిగేషన్ వాళ్లకి కాలువ ఎక్కడుంటే కాపురం అక్కడే. ఆ ఊళ్లలో నాలాగే సిటీ నుంచి బదిలీ మీద వచ్చిన ఆడవాళ్లని చాలామందిని చూశాను. ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే కదా అని కొందరు అట్టపెట్టెలు కూడా పూర్తిగా విప్పేవాళ్లు కాదు. పక్కింటి గడప తొక్కరు, ఏ పేరంటానికీ వెళ్లరు. ఉన్నన్నాళ్లూ ఊరిని తిట్టుకుంటూనే ఉంటారు. ఊరు వాళ్లని ఏం చేసిందో మాత్రం నాకెప్పుడూ అర్థం కాలేదు.

కాబట్టి నా మొదటి సలహా నీకు నచ్చదు, అయినా చెబుతున్నాను. మొదటి ఆరు నెలలు శుక్రవారం రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కొద్దు. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్ కదా అని మనసు లాగుతుంది. కానీ నువ్వు ఉద్యోగస్తురాలివి, నీకు ఖాళీ దొరికేది ఆ రెండు రోజులే. పెళ్లిళ్లకి, వ్రతాలకి నువ్వు వెళ్లగలిగేదీ, నీ ఇంటికి ఎవరైనా రాగలిగేదీ ఆ రెండు రోజులే. వాటిని రైలుకి ఇచ్చేస్తే మిగతా ఐదు రోజులూ నీకు లాప్‌టాపూ గోడలే మిగులుతాయి. అప్పుడు ఊరు బోరు కొడుతోందని నాకే ఫోన్ చేస్తావు.

హైదరాబాద్‌లో పని జరగాలంటే ఫోన్లో యాప్ ఉంటే చాలు. పాలకొల్లులో పని జరగాలంటే నువ్వెవరో తెలియాలి. పార్సిళ్లు అక్కడికీ వస్తాయిలే, నేను చెప్పేది మనుషులు చేసే పనుల సంగతి. ప్లంబర్ నెంబరు నీ దగ్గరున్నా "రేపొస్తానండి" అంటాడు, ఆ రేపు రాదు. అదే కిరాణా కొట్టాయన పిలిచి "మన బ్యాంకాయన ఇంట్లో మోటారు ఆడట్లేదు, కాస్త చూడు" అంటే గంటలో గుమ్మంలో ఉంటాడు. అందుకని కిరాణా కొట్టు ఒకటి, మందుల షాపు ఒకటి, కూరలమ్మే మనిషి ఒకరు అని మొదట్లోనే పట్టుకో. రూపాయి అటూ ఇటూ అయినా మార్చకు. నోట్లో "అండీ" లేకుండా మాట బయటకి రానివ్వకు. గోదావరి జిల్లాల్లో చంటిపిల్లాడిని కూడా "ఏవండీ" అనే రకం మనుషులున్నారు. సిటీలో అందరినీ భయ్యా అని పిలిచినట్టు పిలిస్తే మొహం మీద ఏమీ అనరు గానీ లోపల నొచ్చుకుంటారు. కూరలావిడని "పిన్నిగారూ" అను. తోటకూర కట్ట ఇంకోటి వేసినా వెయ్యకపోయినా, మర్నాడు నువ్వు రాకపోతే ఏమైందని అడుగుతుంది.

పరిచయాలు ఎలా అవుతాయని నువ్వు అడుగుతావు కాబట్టి ఒకటి చెప్తాను. ఆ వైపు సాయంత్రాలు మినపరొట్టె వేసే బళ్లుంటాయి. మనం ఇంట్లో దిబ్బరొట్టె అంటాం చూడు, అదే. కొబ్బరి డొక్కల నిప్పు మీద మూకుడు పెట్టి, పిండి మందంగా పోసి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. కిందా పైనా కాలి, అంచులు ఎర్రగా కరకరలాడుతూ, మధ్యలో దూదిలా ఉంటుంది. పక్కన చెరుకు పానకం. అది కాలడానికి టైము పడుతుంది, ఎంత పెద్ద ఉద్యోగమైనా అక్కడ నిలబడి తీరాల్సిందే. నిలబడినవాళ్లు ఊరికే ఉండరు. "కొత్తగా వచ్చారాండి?" అని మొదలవుతుంది. ఫోన్ సంచిలో పడేసి వాళ్ల మొహం చూసి మాట్లాడు. పార్సిల్ పట్టుకు రమ్మని అల్లుడిని ఒక్కడినే పంపకు, ఇద్దరూ వెళ్లండి.

ఆ "కొత్తగా వచ్చారా" తర్వాత వచ్చే ప్రశ్నలు తెలుసు కదా. ఏ ఊరండీ మీది? ఇంటిపేరేంటండీ? ఎవరి తాలూకండీ? అడిగేది కులం గురించేనని నీకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. సిటీలో ఈ ఆరా ఉండదని కాదు, ఇళ్లు అద్దెకిచ్చేటప్పుడు అక్కడా అడుగుతారు. కాకపోతే ఇక్కడ మొహమాటం లేకుండా అడుగుతారు. నాకు ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండుతుంది. మండినా దెబ్బలాటకి దిగకు. "మాది హైదరాబాదేనండీ, మీరెన్నాళ్లుగా ఉంటున్నారు ఇక్కడ?" అని మాట వాళ్ల వైపు తిప్పెయ్. తమ గురించి చెప్పుకోవడం మొదలెడితే నీ సంగతి మర్చిపోతారు. మళ్లీ మళ్లీ అదే తవ్వేవాళ్లుంటే వాళ్లతో నమస్కారం వరకే ఉండు.

ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో ఎత్తకు. నీ పనిమనిషి ఇంకో నాలుగిళ్లలో చేస్తుంది, వాటిలో ఒకటి మీ మేనేజరుగారిది అయినా ఆశ్చర్యపోకు. అలాగే "మా హైదరాబాద్‌లో అయితే" అని మొదలుపెట్టే అలవాటు నీకుంది. మానుకో. ఒకసారి వింటారు, రెండోసారి నవ్వుకుంటారు, మూడోసారికి నీకు ఆ పేరే పెడతారు.

నీ వర్క్ ఫ్రమ్ హోమ్ విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఇంట్లో ఉన్న ఆడమనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క అక్కడ. పదకొండింటికి పక్కింటావిడ కందిపొడి గిన్నె పట్టుకుని వస్తుంది, నువ్వు మీటింగ్‌లో ఉంటావు. తలుపు తియ్యకపోతే గర్విష్ఠి అంటారు, తీస్తే గంట పోతుంది. దీనికి నాకు తోచిన ఉపాయం ఏమిటంటే "వర్క్", "కాల్" అనే మాటలు వాడకు. "డ్యూటీ" అను. "పది నుంచి అయిదింటి దాకా డ్యూటీ అండి, అయిదున్నరకి నేనే వస్తాను" అను, అని నిజంగా వెళ్లు. డ్యూటీ అంటే ఎవరికైనా గౌరవమే. వీలైతే వీధి గదిలో కాకుండా లోపలి గదిలో టేబుల్ వేసుకో. నెట్ కనెక్షన్లు వేరు వేరు కంపెనీలవి రెండు పెట్టుకో, ఒకటి కచ్చితంగా అత్యవసరమైన రోజే పోతుంది.

ఆ అయిదున్నర తర్వాత ఏం చెయ్యాలి అంటే, నేనైతే లేసు అల్లడం నేర్చుకోమంటాను. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకుంటూనే అల్లేస్తారు, కళ్లు చేతుల మీద కూడా ఉండవు. 2024లో ఈ లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న గుర్తింపు కూడా వచ్చింది. అల్లేవాళ్ల చేతికి వచ్చే డబ్బులు చూస్తే ఆ గుర్తింపు వాళ్లదాకా ఇంకా చేరలేదనిపిస్తుంది, అది వేరే కథ. నీకు బల్లగుడ్డ పూర్తవుతుందో లేదో గానీ, నలుగురితో కలిసి కూర్చునే వంక దొరుకుతుంది. మీ ఆఫీసు కబుర్లు అర్థం కాకపోయినా వినేవాళ్లు దొరుకుతారు.

పిల్లాడి గురించి నువ్వు ఎక్కువ టెన్షన్ పడుతున్నావు, నాకు అదే అక్కర్లేదనిపిస్తుంది. స్కూలు, సిలబస్సు మీరిద్దరూ వెళ్లి కనుక్కోండి, పదో తరగతి ఎక్కడ చదివిస్తారో ముందే అనుకుంటే చాలు. వాడికి ముందు సైకిల్ కొనిపెట్టు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో తిరిగిన పిల్లాడు, తనంతట తాను ట్యూషన్‌కి వెళ్లి రావడమంటే ఏమిటో వాడికి తెలీదు. పదిహేను రోజుల్లో ఊరు నీకంటే వాడికే బాగా తెలుస్తుంది. ఒక్కటి మాత్రం కచ్చితంగా చెప్పు: కాలువలో దిగకూడదు. పైకి నిదానంగా పారుతున్నట్టుంటుంది, లోపల లాగేస్తుంది. ఈత నేర్పించాకే స్నేహితులతో గట్టు మీదికి పంపు. మీ పెదనాన్న సర్వీసులో కాలువ గట్ల మీద చూసినవి తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదంటారు.

వైద్యం సంగతి కూడా జ్వరం రాకముందే తేల్చుకోండి. జలుబు, దగ్గు, బీపీ మాత్రలకి ఊళ్లోనే మంచి డాక్టర్లుంటారు. గుండె నొప్పి, యాక్సిడెంట్ లాంటివాటికి భీమవరమా, ఏలూరా, విజయవాడా అన్నది అర్ధరాత్రి మొగుడూ పెళ్లాం వాదించుకునే విషయం కాదు. భీమవరం పాతిక కిలోమీటర్ల లోపే, మేమూ ఇక్కడే ఉన్నాం. నమ్మకమైన కారు డ్రైవర్లు ఇద్దరి నెంబర్లు తీసుకో.

ఇంటద్దె తగ్గుతుంది కదా, డబ్బులు మిగులుతాయి అనుకుంటున్నావేమో. చదివింపుల పద్దు ఒకటుంటుంది. వైశాఖం, శ్రావణం వచ్చాయంటే బొట్టు పెట్టి పిలిచేవాళ్లు వరస కడతారు. పెళ్లి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షను, పంచెల ఫంక్షను. వినాయక చవితి చందా వీధికొకటి. అన్నింటికీ వెళ్లలేవు, అందరికీ ఒకే స్థాయిలో ఇవ్వలేవు, ఇవ్వనక్కర్లేదు కూడా. కానీ ఎవరింట్లోనైనా మనిషి పోయారంటే మాత్రం డ్యూటీ ఆపి మరీ వెళ్లి ఒక్క ఐదు నిమిషాలు కూర్చో. పెళ్లికి రాలేదని ఎవరూ గుర్తుపెట్టుకోరు, దీనికి రాకపోతే పెట్టుకుంటారు.

కార్తీక మాసంలో పాలకొల్లు శివాలయం, అదే క్షీరారామం, వీధుల్లోకి సోమవారం నాడు బండి తీసుకెళ్లకు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే రోజు తిప్పే ఆర్టీసీ పంచారామ బస్సులన్నీ అప్పుడే వస్తాయి. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్తే తొమ్మిదంతస్తుల గాలిగోపురం కింద హాయిగా నిలబడి చూడొచ్చు. ఇక సంక్రాంతికి సిటీ మొత్తం మన వైపు వచ్చి పడుతుంది. నీ స్నేహితులు "పందేలు చూడ్డానికి వస్తాం" అని ముందు నుంచే మొదలెడతారు. ఎంతమందికి అన్నం పెట్టగలవో అంతమందినే రమ్మను. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి 120 రోజుల పద్ధతి పోయింది. తిరుగు టికెట్టు వాళ్లనే కొనుక్కోమను, కొనలేకపోతే వారం రోజులు నీ ఇంట్లోనే ఉంటారు. వానాకాలంలో ఎవరైనా గోదావరి పులస అని చెప్పి చేప అమ్మితే కొనెయ్యకు, ఒడిశా నుంచి వచ్చే సముద్రం ఇలసలు చాలా వాటికి ఆ పేరే పెట్టి అమ్ముతారు. నన్నడుగు.

చివరగా ఇల్లు. నువ్వు ఫోటోలు పంపినవాటిలో టైల్స్, మాడ్యులర్ కిచెన్ చూశావు. నేనైతే నీళ్లు చూస్తాను. సముద్రం దగ్గర కాబట్టి ఆ వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పప్పు ఉడకదు, జుట్టు బిరుసెక్కుతుంది, గీజరు లోపల ఉప్పు పొర కడుతుంది. తాగడానికి టిన్ను నీళ్లు కొనుక్కోవచ్చు గానీ వాడకానికి మునిసిపాలిటీ కుళాయి ఉండాలి. ఆ నీళ్లు గోదావరి కాలువవి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి ఈ డెల్టా తాగేదీ తినేదీ ఆ కాలువల మీదే. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఈ మధ్యలో చెరువుల్లో నింపుకున్న నీళ్లే ఊరందరికీ. అందుకని ఇంటికి కింద సంపు ఉందా, ఎన్ని లీటర్లు పడుతుంది అని అడుగు. ఎండాకాలం ఎలా గడిచిందని ఓనర్ని కాదు, పాత అద్దెవాళ్లని అడుగు.

కిటికీలన్నింటికీ దోమల మెష్ ఉండాలి, అయిదున్నరయ్యేసరికి తలుపులు వేసెయ్యాలి. ఇన్వర్టర్ లేకపోతే పెట్టించుకోండి, రెండో సిలిండరు ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు తుపానుకి గోదావరి అవతల కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడ్డాయో చూసినవాళ్లం, గాలి మొదలయ్యాక కొట్టుకి పరిగెత్తి లాభం లేదు. వీధి కంటే ఇంటి గుమ్మం ఎత్తుగా ఉందో లేదో కూడా చూడాలి, అది ఫోటోలో తెలీదు.

నువ్వు పంపిన మూడిళ్లలో గుడి వెనక వీధిలోది నాకు కాస్త నచ్చింది. ఆ వీధికి కుళాయి ఏ టైముకి వదులుతారో ఓనర్ని కనుక్కుని నాకు చెప్పు. ఇల్లు చూడ్డానికి అదే టైముకి వెళ్దాం, భీమవరం నుంచి నేనూ బస్సెక్కి వచ్చేస్తాను. అడ్వాన్స్ అప్పటిదాకా ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ