డార్‌మౌస్ సర్వేకి వెళ్తున్న కిరణ్‌కి

నాన్నా కిరణ్,

ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో ఉద్యోగం వచ్చిందని, మొదటి పనే డార్‌మౌస్ సర్వే అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ఎలుకల్ని లెక్కపెట్టడానికా అక్కా వాణ్ని అంత చదివించింది?" అని కూడా అడిగింది. అది ఇంట్లో తిరిగే ఎలుక కాదే, బంగారు రంగులో ఉంటుంది, తోక నిండా ఉడుతకున్నట్టు బొచ్చుంటుంది, బరువు వేసవిలో 15 నుంచి 20 గ్రాములే అని చెప్పి చూశాను. నమ్మినట్టు లేదు. నువ్వే ఓ ఫోటో పంపు.

నీకు నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే. అవి గూడు కట్టుకోవాలని మనం కొమ్మలకి కట్టే ట్యూబులు ఖాళీగా ఉన్నాయని తొందరపడి "ఇక్కడ డార్‌మౌస్ లేదు" అని రాసెయ్యకు. కెంట్‌లో పని మొదలుపెట్టిన ఏడాది నేను చేసిన తప్పు అదే. జూలైలో ఒక పొదల కంచెకి యాభై ట్యూబులు కట్టించాను, సెప్టెంబర్ చివర్లో విప్పించాను. ఒక్కదాంట్లోనూ గూడు లేదు. లేదని రాసిచ్చాను. మరుసటి శరదృతువులో అదే కంచె కింద ఒకాయన డార్‌మౌస్ కొరికిన గుండ్రటి చిల్లు ఉన్న హేజెల్ కాయ (గట్టి పెంకు ఉండే కాయ) ఏరి నా చేతిలో పెట్టాడు. అప్పటికే సగం కంచె కొట్టేశారు. డెవలపర్‌ని అనడానికేం లేదు, రాసింది నేనే కదా.

నాకు లెక్క తెలియక కాదు, టెన్షన్‌లో పక్కన పెట్టేశాను. యాభై ట్యూబులకి, డార్‌మౌస్ దొరికే అవకాశాన్ని బట్టి నెలనెలా మార్కులుంటాయి: ఏప్రిల్‌కి 1, మేకి 4, జూన్, జూలైలకి చెరో 2, ఆగస్టుకి 5, సెప్టెంబర్‌కి 7, అక్టోబర్, నవంబర్‌లకి చెరో 2. "లేదు" అని రాయాలంటే కనీసం 20 రావాలి. మే మొదట్లో కడితే సెప్టెంబర్ చివరికి సరిగ్గా 20 వస్తుంది. జూన్‌లో కడితే నవంబర్ చివరిదాకా ఉంచాలి. నాలాగా జూలై నుంచి సెప్టెంబర్ వరకైతే 14. నవంబర్ దాకా ఆగినా 18 దాటదు. అందుకే "ఆగస్టుకల్లా రిపోర్టు కావాలి" అనే మేనేజర్ దగ్గర ఈ కూడికే వేసి చూపించు. వాదనకంటే అంకెలకి త్వరగా వింటారు.

ట్యూబుని అడ్డంగా పోయే కొమ్మకి అడుగున, కదలకుండా కట్టు. ఒకదానికీ ఇంకోదానికీ ఇరవై మీటర్ల దూరం చాలు. హేజెల్ పొదలే వెతుక్కోకు, బ్రాంబుల్ ముళ్లపొదల్లోనూ ఉంటాయి. గూడు దొరికితే ముందు అల్లిక చూడు. డార్‌మౌస్ హనీసకిల్ తీగ బెరడుని పీచులుగా చీల్చి బంతిలా అల్లుకుంటుంది, చుట్టూ పచ్చి ఆకులు చుడుతుంది. ఎండుటాకులు కుక్కినట్టుంటే సాధారణంగా అడవి ఎలుకదే. లోపల జీవి కనిపిస్తే చెయ్యి పెట్టకు, నీకింకా లైసెన్స్ లేదు. లైసెన్స్ ఉన్న సీనియర్ పక్కన లేకుండా తనిఖీకే వెళ్లొద్దు. చలికి మొద్దుబారి పడుకుంటే గురక కూడా పెడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

ఇక కాయలు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా, బాగా కాసిన హేజెల్ కింద పది మీటర్ల చదరం గీసుకుని, ఇరవై నిమిషాలు మోకాళ్ల మీద వెతుకు. ఇలా ఐదు చోట్ల. ఉడుత కాయని రెండు చెక్కలుగా చీలుస్తుంది, అది పక్కన పడెయ్యి. చిల్లు ఉన్నవే లెన్స్‌తో చూడు. లోపలి అంచున పాత రూపాయి బిళ్ల అంచుమీద గీతల్లాంటివి వరసగా ఉంటే అడవి ఎలుకదో, వోల్ అనే పొట్టి తోక చిట్టెలుకదో. అంచు నున్నగా చెక్కినట్టుండి, పంటిగాట్లు పైన చిల్లు చుట్టూ ఏటవాలుగా తిరిగి ఉంటే డార్‌మౌస్. అనుమానంగా ఉన్న కాయని చూసి డార్‌మౌస్ ఉన్నట్టు రాసుకోకు, విడిగా దాచు.

ఉన్నాయని తేలాక భయపడకు, పని ఆగిపోదు. ప్రభుత్వ వన్యప్రాణి సంస్థ నాచురల్ ఇంగ్లండ్ నుంచి లైసెన్స్ వచ్చేదాకా ఒక్క కొమ్మా కొట్టనివ్వకు, అంతే. ప్లానింగ్ అనుమతి ఉంది కదా అని కాంట్రాక్టర్ అంటాడు, రెండూ వేరు. చలికాలంలో అవి నేలమీద గూట్లో నిద్రపోతాయి కాబట్టి పొదల్ని చేతి పనిముట్లతో పైపైనే కోయించు. మోడులూ వేళ్లూ అలాగే వదిలెయ్యాలి, బరువైన యంత్రం ఆ నేల మీదకి రాకూడదు. మేలో అవి లేచి పక్క పొదల్లోకి పోయాక మోడులు పెకలించవచ్చు. అయితే పక్కన వాటికి పొద మిగిలి ఉండాలి, దాన్ని ముందే మ్యాపు మీద చూపించు. కాంట్రాక్టర్ మనుషులకి ఆఫీసులో కాదు, కంచె దగ్గరే నిలబెట్టి చెప్పు. ఎర్ర టేపు కట్టి చూపిస్తే ఇంకా మంచిది.

దొరికిన కాయలు డబ్బాలో వేసి తేదీ, చోటు రాసి ఉంచు. క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు తీసుకురా, కలిసి చూద్దాం. వచ్చేటప్పుడు నాకూ ఒక లెన్స్ కొను, నాది ఎక్కడో పడిపోయింది.

మీ పెద్దమ్మ