పెన్సిలుతో పాఠం, దుద్దులు బీరువాలో

చిన్నీ,

పదో తరగతికి కార్బన్ రూపాంతరాలు (వజ్రం, పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైట్, బంతిలాంటి ఫుల్లరీన్) నమూనాలు కట్టి చెప్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పి మురిసిపోయాడు. నాకూ సంతోషమే. కానీ అమ్మ వజ్రాల దుద్దులు తీసుకెళ్లి, సుత్తితో కొట్టినా పగలవని చూపిస్తావట! గీత పడదంటే దెబ్బకు ఆగుతుందని కాదే పిచ్చిదానా. ప్రతి పరమాణువుకీ నాలుగు గట్టి బంధాలున్నా, కొన్ని తలాల మీద తెగాల్సిన బంధాలు తక్కువ. దెబ్బ అటు పడితే నిలువునా చీలుతుంది. సానపట్టేవాళ్లు రాయిని విడగొట్టేది ఆ తలాల వెంటే.

నమూనాకి ఆంగ్‌స్ట్రామ్‌కి (పరమాణువుల మధ్య దూరాలు కొలిచే అతిచిన్న కొలత) రెండు సెంటీమీటర్ల లెక్క వేసుకో. వజ్రానికి బంధంగా గుచ్చే పుల్ల 3.1 సెం.మీ., గ్రాఫైట్ పొరలో 2.8, పొరకీ పొరకీ మధ్య 6.7. ఆ మధ్యలో పుల్లలు గుచ్చావంటే పిల్లలు బంధాలే అనుకుంటారు. పొరలని దారాలతో వేలాడదీయి. పై పొర కాస్త పక్కకి జరగాలి, సగం పరమాణువులు కింది షడ్భుజుల నడిమధ్యకి వచ్చేలా.

గ్రాఫైట్‌లో కరెంటు పారుతుందని చూపడానికి రెండు కొసలా చెక్కిన 6బి (గ్రాఫైట్ ఎక్కువుండే మెత్తని) పెన్సిలు, 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్. మామూలు హెచ్‌బీ పెన్సిల్లో బంకమన్ను ఎక్కువ, వద్దు.

ఇక అసలు సంగతి. "పొరలు జారతాయి, కాబట్టి గ్రాఫైట్ కందెన" అని బోర్డు మీద రాసి చేతులు దులుపుకోకు. తరతరాలుగా మా పంతుళ్లమంతా చెప్పుకొచ్చిన సగం నిజం అది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బాగా ఎత్తున ఎగిరే విమానాల్లో, జనరేటర్ల కార్బన్ బ్రష్షులు (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే గ్రాఫైట్ ముక్కలు) చూస్తుండగానే అరిగి పొడైపోయేవి. నేల మీద అవే బ్రష్షులు చక్కగా పనిచేసేవి. పొరలు మారలేదు, గాలి మారింది: అంత ఎత్తున నీటి ఆవిరి దాదాపు ఉండదు. పొర అంచుల్లో జత దొరకని బంధాలుంటాయి. మామూలు గాలిలో తేమ వాటిని కప్పేస్తుంది, పొరలు సాఫీగా జారతాయి. తేమ లేకపోతే అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని రాపిడి పెరుగుతుంది. అంతరిక్షంలో గ్రాఫైట్ బదులు మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ అనే మరో పొడి కందెన వాడేది అందుకే. దానికి తేమ అక్కర్లేదు. ఎవడో ఒకడు "మరి చంద్రుడి మీద?" అని అడుగుతాడు, సిద్ధంగా ఉండు తల్లీ.

ఫుల్లరీన్‌కి పాత నలుపు తెలుపు ఫుట్‌బాల్ చాలు: 12 పంచభుజులు, 20 షడ్భుజులు. ఒక్కో మూల ఒక్కో కార్బన్ పరమాణువు. మూలలు పిల్లల చేతే లెక్కపెట్టించు. 180 అని అరుస్తారు. ఒక్కో మూల మూడు ముక్కలకి ఉమ్మడి అని వాళ్లకే తట్టేదాకా 60 అని చెప్పకు.

పెదనాన్న