విడిపోయిన బ్యాండ్ పాట ఏళ్ల తర్వాత హిట్టయితే డబ్బులెవరికి?

పాట కట్టినవాళ్లకూ, రికార్డింగ్ హక్కులున్నవాళ్లకూ వస్తాయి; బ్యాండ్ విడిపోయినా హక్కులు పోవు. ఎందుకంటే కాపీరైట్ పాటకు ఉంటుంది, బ్యాండ్ ఉందా లేదా అన్నదానితో పనిలేదు. మన దేశంలో బాణీ మీద హక్కు కట్టినవాళ్లు బతికినంతకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది.

బ్రిటన్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ జెంటిల్ జెయింట్ 1980లోనే విడిపోయింది. వాళ్ల 1974 నాటి 'ప్రొక్లమేషన్' పాట ముక్కను అమెరికన్ ర్యాపర్ ట్రావిస్ స్కాట్ 2023లో 'యుటోపియా' ఆల్బమ్ మొదటి పాటలోనే వాడుకున్నాడు. మామూలుగా ఇలా వాడాలంటే బాణీకి వేరుగా, రికార్డింగ్‌కు వేరుగా అనుమతి తీసుకోవాలి.

పాత ఎల్పీ రికార్డు వేలకు అమ్ముడైతే బ్యాండ్‌కూ వాటా వస్తుందని చాలామంది అనుకుంటారు. అనంతపురంలో సెకండ్‌హ్యాండ్ పుస్తకం కొంటే రచయితకు పైసా వెళ్లదు కదా, ఇదీ అంతే. ఆ డబ్బంతా అమ్మినవాళ్లదే.