పేరున్నవాళ్లెవరూ ఉండని పాత ఇంటికి హెరిటేజ్ విలువ ఉంటుందా?

బెంగళూరు బసవనగుడిలో 1910ల నాటి తాతగారి ఇల్లు పడగొట్టాలనుకుంటున్నామనీ, అందులో గొప్పవాళ్లెవరూ ఉండలేదు కాబట్టి దానికి హెరిటేజ్ విలువ ఏముంటుందనీ అడిగారు.

ఉంటుందండీ. మల్లేశ్వరంలో మా అమ్మమ్మగారిల్లు కూడా దాదాపు ఆ కాలానిదే. తాతగారు మామూలు గుమాస్తా. నేనూ చాలాకాలం దాన్ని కప్పు కారే పాత కొంపగానే చూశాను.

1898లో బెంగళూరుకి ప్లేగు వచ్చింది. పాత పేటలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఇరుకుగా ఉండేవి. ఆ భయంతో జనం మల్లేశ్వరం, బసవనగుడి లాంటి కొత్త విస్తరణలకు కదిలారు. మీ ఇంటి చుట్టూ ఖాళీ జాగా, అన్ని వైపులా కిటికీలు, వాటిపై టోపీలా ముందుకొచ్చిన చెక్క మంకీటాప్‌లు... ఇవన్నీ గాలీ వెలుతురూ కోసం పడ్డ తాపత్రయమే. గొప్పవాళ్ల సంగతి అటుంచండి, ఒక ఊరు రోగానికి భయపడి ఎలా మారిందో ఆ గోడల్లో కనిపిస్తుంది.

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం పెరటి గోడలో ఉండే చిన్న తలుపు. అది వెనక కన్సర్వెన్సీ సందులోకి తెరుచుకునేది. పాకీ పనివాళ్లు వీధి గుమ్మం తొక్కకుండా అటునుంచే వచ్చి మరుగుదొడ్డిలోని మలం ఎత్తుకుని వెళ్లాల్సి వచ్చేదన్నమాట. హెరిటేజ్ అనగానే ముచ్చటైన చెక్కపనే గుర్తొస్తుంది గానీ, ఇది కూడా అందులో భాగమే. మా వాళ్లు దాన్ని ఇటుకలతో మూసేశారు, ఒక్క ఫొటో కూడా లేదు.

మేం చేసిన ఇంకో పొరపాటు: పెచ్చులూడుతున్నాయని మేస్త్రీ మాట విని సున్నం పూత గీకించి సిమెంటు పూయించాం. తేమ బయటికి పోయే దారిలేక రెండు వర్షాకాలాలకే గోడ ఉబ్బి, లోపలి ఇటుక పొడిగా రాలింది.

ఉంచాలా, పడగొట్టాలా అన్నది మీ ఇష్టం. వాటాల గొడవలు నాకూ తెలుసు. ముందు మాత్రం గదుల కొలతలు, ఫొటోలు తీసుకోండి, పాత దస్తావేజులు వెతకండి, పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ బెంగళూరు శాఖవాళ్లకు ఒకసారి చూపించండి. మంగళూరు పెంకులైతే ఒకటి దించి ముద్ర చూడండి. ఈ పెంకులు చేసిన బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ ఫ్యాక్టరీలు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కామన్వెల్త్ ట్రస్ట్ అనే కంపెనీ చేతికి పోయాయి. మిషన్ ముద్రే ఉంటే ఆ పెంకు అంతకు ముందుది కావచ్చు. మా పెంకుల్ని కప్పు మార్చినప్పుడు లారీకెత్తించాక గానీ ఈ సంగతి నాకు తెలియలేదు.